చోటు చాలని లేబులుకు ఏ అక్షరం? కాంపాక్ట్ శాన్స్ సెరిఫ్ గురించి కొంచెం వివరంగా

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఇంట్లో తయారు చేసిన ఆవకాయ, కందిపొడి సీసాల్లో పెట్టి అమ్ముతున్నారు. లేబులు వెడల్పు 60 మిల్లీమీటర్లు, ఎత్తు 45. అంత చోటులోనే పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రావాలి. వాడిన పదార్థాలు, నికర బరువు, ధర, తయారీ తేదీ, చిరునామా, లైసెన్సు నంబరు కూడా పట్టాలి. ఇందుకు తక్కువ చోటు తీసుకునే ఆధునిక శాన్స్ సెరిఫ్ ఫాంటు, అంటే గీతల కొసల్లో చిన్న అడ్డుతోకలు లేని ఫాంటు, ఒకటి చెప్పమన్నారు. ఇప్పుడున్న ఫాంటునే అడ్డంగా 70 శాతానికి నొక్కేస్తే పని జరగదా అనీ అడిగారు.

రెండో ప్రశ్నకు జవాబు ముందు చెబుతాను: జరగదు. ఎందుకు జరగదో అర్థమైతే ఏ ఫాంటు తీసుకోవాలో సగం తేలిపోతుంది. అందుకే ఈ జవాబు పొడుగైంది.

కంప్యూటర్‌లో ఒక్క సున్నను, అంటే 'అం'లో పక్కన వచ్చే గుండ్రటి గుర్తును, తెర నిండేలా పెద్దది చేయండి. దాని గీత మందం చుట్టూ 10 పాళ్లు అనుకుందాం. అడ్డంగా 70 శాతానికి నొక్కగానే ఎడమా కుడీ ఉన్న గీతలు 7 పాళ్లకు సన్నబడతాయి. పైనా కిందా ఉన్న గీతలు 10 పాళ్లుగానే ఉండిపోతాయి. గుండ్రటి సున్న కోడిగుడ్డులా మారి, నెత్తిన, అడుగున బరువెక్కి, పక్కల్లో చిక్కిపోతుంది. పైగా మన కంటికి ఒక గుణం ఉంది. ఒకే మందంతో గీసినా నిలువుగీత కంటే అడ్డగీత లావుగా కనిపిస్తుంది. అందుకే అక్షరాలు గీసేవారు అడ్డగీతను కాస్త సన్నగా ఉంచుతారు. నొక్కడం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా పనిచేస్తుంది. నొక్కిన అక్షరాలు ఏదో జబ్బు చేసినట్టు కనిపించడానికి కారణం ఇదే.

మొదటి నుంచీ ఇరుకుగా గీసిన అక్షరం కథ వేరు. ఇంగ్లీషు 'ఓ' అక్షరాన్ని తీసుకుంటే, మంచి కాంపాక్ట్ ఫాంటులో అది గుడ్డులా ఉండదు, మందు క్యాప్సూల్‌లా ఉంటుంది. పక్కలు దాదాపు నిటారుగా దిగి, మూలల్లో మాత్రమే వంపు తిరుగుతాయి. పక్కలు నిటారుగా ఉంటే లోపలి ఖాళీ గుడ్డు ఆకారంలో కన్నా ఎక్కువ మిగులుతుంది. చిన్న సైజులో కన్ను పట్టుకునేది ఆ ఖాళీనే. 'సి', 'ఎస్', 'ఇ' వంటి అక్షరాల నోళ్లను కాస్త ఎక్కువ తెరిచి ఉంచుతారు, లేకపోతే సిరా అంటుకుని 'సి' కాస్తా 'ఓ' అవుతుంది. చిన్న బడి అక్షరాల ఎత్తును పెంచి, వాటి పైకీ కిందికీ పొడుచుకొచ్చే తోకల్ని కుదిస్తారు. అంటే వెడల్పులో పోగొట్టుకున్నదాన్ని ఎత్తులో కొంత రాబట్టుకుంటారు. అక్షరాల మధ్య ఎడాన్ని కూడా కొత్తగా లెక్కగడతారు. ఇంత పని జరిగాకే దాన్ని కండెన్స్‌డ్, అంటే ఇరుకు ఫాంటు, అనాలి.

ఈ విషయం టైపు లోకానికి కొత్తేమీ కాదు. స్విస్ అక్షర రూపకర్త ఏడ్రియన్ ఫ్రుటిగర్ రూపొందించిన యూనివర్స్ అనే ఫాంటు కుటుంబం 1957లో వచ్చినప్పుడు అందులో 21 రూపాలు ఉన్నాయి. ప్రతి రూపానికీ రెండంకెల పేరు పెట్టారు. మొదటి అంకె మందాన్ని చెబుతుంది, రెండోది వెడల్పునూ వాలునూ చెబుతుంది. 55 మామూలు అక్షరం, 57 ఇరుకు అక్షరం, 59 మరీ ఇరుకు. ఇరుకు అక్షరం ఆ కుటుంబంలో మొదటి రోజు నుంచీ ఒక సభ్యుడు. అవసరం పడినప్పుడు మామూలు అక్షరాన్ని పిండి తీసింది కాదు. జర్మనీలో 1936లో వెలువడిన డిన్ 1451 ప్రమాణంలోనూ అంతే. దారి పలకల మీద ఊరి పేరు పొడుగైతే వాడుకోవడానికి ఇరుకు అక్షరాలను మధ్యస్థ అక్షరాల పక్కనే విడిగా గీసి పెట్టారు. నేటి డిజైనర్లు ఇష్టపడే ఎఫ్ఎఫ్ డిన్‌ను ఆల్బర్ట్-యాన్ పూల్ 1995లో ఆ అక్షరాల మీద ఆధారపడే తయారు చేశాడు.

అయితే మీ సీసా లేబులుకు దగ్గరి చుట్టం వీటిలో ఏదీ కాదు, బెల్ సెంటెనియల్ అనే ఫాంటు. దాని గురించి కాస్త ఆగి చెప్పాలి.

అమెరికాలో టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ తన డైరెక్టరీల కోసం 1938 నుంచి బెల్ గోథిక్ అనే అక్షరాలు వాడేది. సీహెచ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో లైనోటైప్ సంస్థ వాటిని సీసం అచ్చుల కోసం చేసింది. సీసం అచ్చును కాగితం మీద అదిమితే సిరా కాస్త పక్కలకు పాకుతుంది, అక్షరం లావెక్కుతుంది. ఆ లెక్కతో గీతలు సన్నగా ఉంచారు. తర్వాత కాలంలో అచ్చు పద్ధతి మారింది. అక్షరాలను కేథోడ్ కిరణాల గొట్టం మీద వేగంగా కూర్చి ఆఫ్‌సెట్‌లో, అంటే సిరా రబ్బరు పొర మీదుగా కాగితానికి చేరే పద్ధతిలో, అచ్చు వేయడం మొదలైంది. అవే సన్నటి గీతలు ఇప్పుడు తెగిపోయినట్టు రాసాగాయి. అచ్చు యంత్రం దగ్గరున్నవారు సిరా పెంచారు. పెంచితే లోపలి ఖాళీలు పూడిపోయాయి. ఫోన్ డైరెక్టరీలో 3కీ 8కీ తేడా తెలియకపోతే అవతల ఎవరో తెలియని వారి ఇంట్లో గంట మోగుతుంది.

కంపెనీ నూరేళ్ల సందర్భంగా కొత్త అక్షరాల పని అక్షర రూపకర్త మాథ్యూ కార్టర్‌కు అప్పగించారు. అవే బెల్ సెంటెనియల్. 1978కి అవి సిద్ధమయ్యాయి. ఆయన ముందుగా కాగితాన్ని, సిరాను, యంత్రాన్ని చూశాడు. 6 పాయింట్ల సైజు (పాయింటు అంటే మిల్లీమీటరులో సుమారు మూడో వంతు), పలచటి నాసిరకం కాగితం, వేగంగా తిరిగే యంత్రం: అక్షరం బతకాల్సింది అక్కడ. అందుకే గీతలు కలిసే ప్రతి మూలలోనూ ఒక గాటు పెట్టాడు. పెద్ద సైజులో చూస్తే అక్షరాన్ని ఎలుక కొరికినట్టు ఉంటుంది. 6 పాయింట్లలో అచ్చయినప్పుడు సిరా ఆ గాటులోకి పాకి, మూల సరిగ్గా మూల లాగే తేలుతుంది. గాటు లేకపోతే అదే సిరా అక్షరం కడుపులోకి పాకి ఖాళీని మింగేది. ఆ కాలపు యంత్రానికి అక్షరాలను చుక్కల రూపంలో ఇవ్వాలి కాబట్టి చుక్క చుక్కా చేత్తోనే పెట్టాడు. నాలుగు రూపాలకు పేర్లు కూడా లావు, సన్నం అని కాకుండా, చేసే పనిని బట్టి పెట్టారు: చిరునామాకు ఒకటి, పేరూ నంబరూ కలిపి ఒకటి, ఉపశీర్షికకు ఒకటి, పెద్దక్షరాల్లో వచ్చే సంస్థల పేర్లకు ఒకటి. చిరునామా రెండో వరుసకు జారకుండా ఒకే వరుసలో ముగిస్తే ఎంత కాగితం మిగులుతుందో ఆలోచించండి.

నా పనిలో ఏ చిన్న లేబులు చేతికి వచ్చినా ఈ నాలుగు పేర్లు గుర్తు చేసుకుంటాను. 'ఏ ఫాంటు బాగుంటుంది' అన్న ప్రశ్న కన్నా 'ఈ వరుస ఏ పని చేయాలి, ఏ కాగితం మీద, ఏ సైజులో' అన్న ప్రశ్నే ముందు రావాలి.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం. ఇరుకు చేయడంలో తెలుగుకు ఉన్న కష్టం ఇంగ్లీషుకు లేదు.

ప, వ అక్షరాలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ తేడా ఒక్క చోటే. వ తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది, ప తలకట్టు విడిగా ఉంటుంది. స, న మధ్య కూడా తేడా దాదాపు అంతే. అంటే ఒక తెల్లటి సందు మీద అర్థం మొత్తం ఆధారపడి ఉంది. 6 పాయింట్ల సైజులో ఆ సందు వెంట్రుక మందం. అడ్డంగా నొక్కితే అది ఇంకా సన్నబడుతుంది. సిరా కాస్త పాకితే మూసుకుపోతుంది. థ నడుమ ఉండే చుక్క గతీ అంతే. చుట్టూ ఉన్న గీత దగ్గరికి జరిగితే చుక్క దానిలో కలిసిపోయి, 'కథ' చూస్తూ చూస్తూ 'కధ' అవుతుంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. పని నేర్చుకున్న కొత్తలో పల్లీ చిక్కీ ప్యాకెట్ ఒకటి చేశాను. ప్లాస్టిక్ కవరు మీద అచ్చు, ముదురు ఎరుపు మీద తెల్ల అక్షరాలు. చోటు చాలక పేరు కింది వరుసను 65 శాతానికి నొక్కాను. తెర మీద శుభ్రంగా కనిపించింది. అచ్చయి వచ్చిన 5 వేల కవర్ల మీద ఆ వరుస అక్షరాల పక్కగీతలు అక్కడక్కడా తెగిపోయి చదవడానికి రాలేదు. ముదురు రంగు మీద తెల్ల అక్షరం వేసినప్పుడు సిరా బయటి నుంచి లోపలికి పాకి తెల్లగీతను తింటుందనీ, సన్నబడిన పక్కగీతలు ముందుగా పోతాయనీ ఆ రోజే తెలిసింది. ఆ యజమాని కష్టార్జితం వృథా అయింది. అప్పటి నుంచి తెలుగు అక్షరాన్ని అడ్డంగా నొక్కలేదు, ఎవరు అడిగినా నొక్కను.

తెలుగులో మరో సంగతి నిలువు చోటు. ఇంగ్లీషు వరుసకు పైనా కిందా తోకలు అంతంత మాత్రమే. మనకు పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తులు ఉంటాయి. 'రాష్ట్రం' రాసి చూడండి, ష కింద ట వత్తు, దాన్ని అంటిపెట్టుకుని ర వత్తు. 'లక్ష్మి'లోనూ రెండు వత్తులు ఒక అక్షరానికి వేలాడుతుంటాయి. పప్పులో ప వత్తు, వ్యాపారంలో య వత్తు అక్షరం కిందనే సర్దుకోక కుడివైపుకు కూడా సాగుతాయి. కాబట్టి తెలుగు ఫాంటును ఇరుకుగా గీసేవారు మూల అక్షరంతో పాటు ప్రతి వత్తునూ కొత్తగా కుదించి గీయాలి. మంచి ఇరుకు తెలుగు ఫాంట్లు చాలాకాలం అరుదుగా ఉండటానికి ఈ శ్రమే పెద్ద కారణమని నా నమ్మకం.

పాత డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) ఫాంట్లు వాడేవారికి ఇంకో హెచ్చరిక. వాటిలో వత్తు ఒక విడి అక్షరంగా ఉంటుంది. అక్షరాల మధ్య ఎడం పెంచినా తగ్గించినా వత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది. యూనికోడ్ (అన్ని లిపులకూ ఉమ్మడి సంకేత పద్ధతి) ఫాంటును సరైన సాఫ్ట్‌వేర్‌లో వాడితే అక్షరమూ వత్తూ గుణింతమూ ఒక ముద్దగా కదులుతాయి. కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి నేరుగా యూనికోడ్‌లోనే చేయించుకోండి.

ఏ ఫాంటు అంటారా? మీ పనికి నా మొదటి ఎంపిక అనేక్. ముంబై సంస్థ ఏక్ టైప్ చేసింది, ఉచితంగా దొరుకుతుంది, వ్యాపారానికీ వాడుకోవచ్చు. తెలుగుతో కలిపి పది లిపుల్లో ఉంది. అది వేరియబుల్ ఫాంటు. అంటే ఒకే ఫైలులో వెడల్పును 75 నుంచి 125 వరకూ (మామూలు వెడల్పు 100), మందాన్ని 100 నుంచి 800 వరకూ (మామూలు మందం 400) కావలసిన చోట నిలుపుకోవచ్చు. చూడటానికి నొక్కినట్టే ఉంటుంది కానీ లోపల జరిగేది వేరు. ఇరుకు రూపాన్నీ వెడల్పు రూపాన్నీ డిజైనరు విడివిడిగా గీసి ఇస్తే, మధ్య రూపాలను కంప్యూటరు ఆ రెండింటి నుంచి లెక్కగడుతుంది. గీత మందం అదుపులో ఉంటుంది, ప తలకట్టు సందు తెరుచుకునే ఉంటుంది. తెలుగుకూ ఇంగ్లీషుకూ ఒకే చేతి అక్షరాలు దొరకడం మరో లాభం. రెండు లిపులూ పక్కపక్కన ఉన్న లేబులు మీద అవి ఒక ఇంటివారిలా కనిపిస్తాయి.

రెండో ఎంపిక నోటో సాన్స్ తెలుగు. దాని వెడల్పు 62.5 వరకూ దిగుతుంది. కానీ చిన్న సైజులో తెలుగుకు అంత దిగువకు వెళ్లవద్దు. నా అనుభవంలో 6, 7 పాయింట్ల దగ్గర తెలుగును 85 కంటే తగ్గించకపోవడం మేలు. ఇంగ్లీషును 75 వరకూ తీసుకెళ్లవచ్చు. రెండింటికీ ఒకే అంకె పెట్టాలన్న నియమం ఏమీ లేదు, కంటికి సమంగా కనిపిస్తే చాలు. ఇంగ్లీషుకు మాత్రమే వేరే ఫాంటు కావాలంటే రోబోటో కండెన్స్‌డ్, ఐబీఎం ప్లెక్స్ సాన్స్ కండెన్స్‌డ్ రెండూ నమ్మదగినవి. ఏది తీసుకున్నా అందులో రూపాయి గుర్తు ఉందో లేదో ముందు చూసుకోండి. ఆ గుర్తు 2010లో వచ్చింది. పాత ఫాంట్లలో లేకపోతే కంప్యూటరు వేరే ఫాంటు నుంచి అరువు తెచ్చి పెడుతుంది, ధర పక్కన అది పరాయిదానిలా నిలబడుతుంది.

లేబులు మీద చట్టం సంగతి కూడా ఉంది, అది నేరుగా ఇరుకు అక్షరాలకు సంబంధించినదే. ప్యాకెట్ సరుకులకు వర్తించే 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల్లో అక్షరం లేదా అంకె వెడల్పు దాని ఎత్తులో మూడో వంతుకు తగ్గకూడదని ఉంది. 1 అంకెకూ, ఇంగ్లీషు 'ఐ', 'ఎల్' వంటి పుల్ల అక్షరాలకూ మినహాయింపు ఇచ్చారు. మామూలు ఫాంటులో అంకె వెడల్పు ఎత్తులో సుమారు మూడింట రెండు వంతులు ఉంటుంది. 75 శాతం ఇరుకు రూపంలో అది సగానికి దిగుతుంది, ఇబ్బంది లేదు. ఆ ఇరుకు రూపాన్నే మళ్లీ చేత్తో 60 శాతానికి నొక్కితే మూడో వంతు కిందికి జారిపోతుంది. అంకెల కనీస ఎత్తును కూడా నిబంధనలే చెబుతాయి. సవరణలు వస్తుంటాయి కాబట్టి అచ్చుకు ముందు తాజా పట్టిక చూసుకోండి. తప్పనిసరి వివరాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి, తెలుగు వాటికి అదనంగా పెట్టుకోవచ్చు. ఈ మాట మీ చోటు సమస్యను కొంత తీరుస్తుంది. పేరు, రెండు మాటల వర్ణన, ఎలా వాడాలో తెలుగులో నిండుగా పెట్టండి. చట్టం అడిగే వివరాలను ఇంగ్లీషు ఇరుకు అక్షరాల్లో ఒక పక్కన పేర్చండి. ఇరుకు చేయడానికి తట్టుకునే లిపికి ఇరుకు చోటు, తట్టుకోలేని లిపికి విశాలమైన చోటు.

ఇంతకీ ఇరుకు అక్షరం వల్ల మిగిలేది ఎంత? చాలామంది 75 శాతం వెడల్పు అంటే పావు వంతు చోటు మిగిలినట్టే అనుకుంటారు. ఇరుకు అక్షరం అదే సైజులో మామూలు అక్షరమంత సుఖంగా చదవబడదు, కాస్త పెంచాలి. 6 పాయింట్లను 6.5 చేశారనుకోండి. వరుస పొడవు 81 శాతానికి వస్తుంది, అంటే మిగిలింది 19. సైజు పెరిగినందుకు వరుసల మధ్య దూరాన్నీ అంతే పెంచితే మొత్తం చోటు 88 శాతం అవుతుంది, మిగిలింది 12. ఇది కూడా విలువైనదే, పదార్థాల జాబితాలో ఒక వరుస తగ్గుతుంది. కానీ చోటు మొత్తం ఇరుకు అక్షరమే మిగిల్చిపెడుతుందని ఆశించవద్దు. 'నికర బరువు', 'ధర', 'తేదీ' మూడింటినీ మూడు వాక్యాలుగా కాక చిన్న పట్టికగా పెట్టండి. చిరునామాలో అక్కర్లేని మాటలు తీసేయండి. అక్కడ మిగిలే చోటు ఫాంటు మిగిల్చేదాని కంటే ఎక్కువ.

పట్టిక అన్నాను కాబట్టి, అంకెలన్నీ ఒకే వెడల్పులో ఉండే రూపాన్ని ఎంచుకోండి. మంచి ఫాంట్లలో ఆ సదుపాయం ఉంటుంది. బస్సు వేళల పట్టికలు, ధరల పట్టికలు, క్రికెట్ స్కోర్లు, ఫోను తెర మీది చిన్న బటన్లు, ఇవే ఇరుకు శాన్స్ సెరిఫ్ అక్షరాల సొంతిల్లు. మాటలు పొట్టిగా ఉండి, కన్ను ఒకదాని నుంచి మరోదానికి దూకుతూ వెతికే చోట అవి చక్కగా పనిచేస్తాయి. పేరాలకు పేరాలు చదవాల్సిన చోట, చిన్నపిల్లల వాచకాల్లో, వృద్ధులు చదివే మందుల కాగితాల్లో వాటిని పెట్టడం అన్యాయం.

మీ లేబులుకు కొలతలు ఇలా పెట్టి చూడండి. తెలుగు పేరు మామూలు వెడల్పులో, 16 పాయింట్లకు తక్కువ కాకుండా. తెలుగు వర్ణన 7 పాయింట్లలో, వెడల్పు 88, వరుస నుంచి వరుసకు 10.5 పాయింట్లు, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుళ్లను తాకుతాయి. ఇంగ్లీషు వివరాలు 6.5 పాయింట్లలో, వెడల్పు 78, అక్షరాల మధ్య రవ్వంత అదనపు ఎడం. మందం మధ్యస్థంగా ఉంచండి. బోల్డు చేస్తే బాగా కనిపిస్తుందని అనిపిస్తుంది గానీ చిన్న సైజులో లోపలి ఖాళీ పూడుతుంది. నికర బరువు, ధర అంకెల సైజు మాత్రం నిబంధన చెప్పిన ఎత్తును బట్టే. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు పేరుకు మాత్రమే పరిమితం చేయండి.

ఆ తర్వాత అసలు సైజులో, అసలు స్టిక్కరు కాగితం మీద ఒక్క కాపీ తీయించండి. తెర మీద పెద్దది చేసి చూస్తే ఏమీ తెలియదు. పరీక్షకు నేను వాడే మాటలు కొన్ని ఉన్నాయి: 'వేప పువ్వు', 'పావు కిలో', 'సున్నిపిండి', 'కథ'. వీటిలో ప, వ, స, న, థ అన్నీ వచ్చేస్తాయి. నమూనాలో ఓ మూల ఇవి కూడా వేయించి, సీసాకు అంటించి, ట్యూబులైటు కింద చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. ఆహార లైసెన్సు నంబరులో 14 అంకెలు ఉంటాయి. వాటిని మీ ఇంట్లో పెద్దవారి చేత, కళ్లజోడు ఉంటే పెట్టుకునే, పైకి చదివించి మీరు రాసుకోండి. ఒక్క అంకె తడబడినా వెడల్పు 78 నుంచి 82కి పెంచి మళ్లీ కాపీ తీయండి. ఒక కాపీ ఖర్చు ఎంతో ఉండదు, అచ్చు ప్లేటు చేయించాక దిద్దడం మాత్రం భారం.